రెండేళ్ల ముందు అచ్చయిన వార్త

1982 సెప్టెంబరు 17వ తేదీన భోపాల్ నగరంలో 'రపట్' అనే చిన్న హిందీ వారపత్రిక ఒక వ్యాసం ప్రచురించింది. దాని శీర్షికను తెలుగులో చెప్పుకుంటే "రక్షించండి హుజూర్, ఈ నగరాన్ని రక్షించండి" అని వస్తుంది. నగరానికి ఉత్తర భాగాన, రైలు స్టేషనుకు ఎంతో దూరం లేని చోట యూనియన్ కార్బైడ్ వారి పురుగుమందుల కర్మాగారం ఉన్నది. అందులో రక్షణ ఏర్పాట్లు క్షీణించి ఉన్నాయనీ, అక్కడి విషవాయువులు బయటపడితే నగరానికే ముప్పు వాటిల్లుతుందనీ ఆ వ్యాస సారాంశం. వ్రాసినవారు రాజ్‌కుమార్ కేస్వానీ. పత్రికకు సంపాదకుడూ ఆయనే, ప్రధాన విలేఖరీ ఆయనే. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు నిండలేదు.

అక్టోబరు 1న రెండవ వ్యాసం వచ్చింది. భోపాల్ అగ్నిపర్వతపు అంచున కూర్చుని ఉన్నదని ఈసారి శీర్షిక. అక్టోబరు 8న మూడవది. ఇప్పటికైనా గ్రహించకపోతే నామరూపాలు లేకుండా పోతారన్నది దాని ధోరణి. ఆ తరువాత 1984 జూన్ 16న, అప్పటికి ప్రారంభమై ఏడాది కూడా నిండని ఢిల్లీ హిందీ దినపత్రిక 'జనసత్తా'లో ఇదే విషయాన్ని మరింత విపులంగా వ్రాశారు. అక్కడికి ఆరు నెలలైనా గడవకముందే, 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి వచ్చింది.

పత్రికల బాధ్యతను గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా అబద్ధపు వార్తలను గురించో, అమ్ముడుపోయిన వార్తలను గురించో, అణచివేయబడిన వార్తలను గురించో మాట్లాడుతాం. భోపాల్ కథ వీటిలో దేనికీ చెందదు. ఇక్కడ వార్త నిజం. దానిని ఎవరూ నిషేధించలేదు. 1975 జూన్ నుండి 1977 మార్చి వరకు సాగిన అత్యవసర పరిస్థితి నాటి సెన్సారు అధికారి అక్కడ లేడు. వార్త అచ్చయింది, అమ్ముడైంది, చదివినవారు చదివారు. అయినా చేరవలసిన చోటికి చేరలేదు. నిజమైన వార్త అచ్చులో ఉండి కూడా ఎలా చేరకుండా పోతుందన్న ప్రశ్న, అనువాదమే వృత్తిగా బ్రతుకుతున్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. అందుకు కారణం ఒకటున్నది. దానిని చివర చెబుతాను.

కేస్వానీ ఈ విషయంలోకి దిగినది ఒక మరణం మూలంగా. 1981 డిసెంబరు చివరలో ఆ కర్మాగారంలో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. అతడు కేస్వానీకి పరిచయస్థుడు. ఇటువంటి సందర్భాలలో నాలుగు పంక్తుల వార్త వేసి ఊరుకోవడం ఏ పత్రికకైనా తేలిక. ఆయన ఊరుకోలేదు. నెలల తరబడి, తనకు పరిచయం లేని రసాయనశాస్త్రాన్ని తానే కూడబలుక్కుని చదివారు. ఫాస్జీన్ మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులను చంపడానికి వాడిన వాయువు. దాని సహాయంతో తయారయ్యే మిథైల్ ఐసోసయనేట్ పురుగుమందుకు ముడిపదార్థం. ఈ రెండూ గాలికన్న బరువైనవి. అంటే, బయటపడితే పైకి లేచి చెదరిపోవు. నేలను అంటిపెట్టుకొని ప్రాకుతాయి. కర్మాగారపు గోడకు ఆనుకొని ఉన్న పేటలలో జనం నేలమీద చాపలు పరచుకొని పడుకుంటారు. ఈ రెండు విషయాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడడానికి పెద్ద శాస్త్రజ్ఞానం అవసరం లేదు. చూడాలన్న పట్టుదల కావాలి.

1982 మే నెలలో అమెరికాలోని మాతృసంస్థ పంపిన నిపుణుల బృందం ఒకటి కర్మాగారాన్ని తనిఖీ చేసి, లోపాలను పేర్కొంటూ నివేదిక సమర్పించింది. అది సంస్థ అంతరంగిక పత్రం. కేస్వానీ దానిని సంపాదించారు. కనుక ఆయన వ్రాసినది ఊహ కాదు, భయపెట్టి పత్రికను అమ్ముకునే ప్రయత్నమూ కాదు. కర్మాగారం వారే తమకు తాము వ్రాసుకున్న మాటలు అందులో ఉన్నాయి. ఆ సంవత్సరమే జనవరిలో వాయువు సోకి ఇరవైమందికి పైగా కార్మికులు ఆసుపత్రి పాలైన ఉదంతమూ, మూడవ వ్యాసం వచ్చిన అక్టోబరులోనే మరొకసారి వాయువు లీకైన ఉదంతమూ ఉన్నాయి. ఆయన ముఖ్యమంత్రికి లేఖ కూడా వ్రాశారు. 1982 డిసెంబరులో ఈ సంగతి మధ్యప్రదేశ్ శాసనసభలో ప్రస్తావనకు వచ్చినప్పుడు కార్మిక శాఖామంత్రి ఇచ్చిన సమాధానం ప్రసిద్ధమైనది. అది 25 కోట్ల రూపాయల పెట్టుబడితో వెలసిన సంస్థ అనీ, ఇక్కడి నుండి తీసి అక్కడ పెట్టడానికి అదేమీ రాయి కాదనీ, భోపాల్‌కు ప్రమాదం లేదనీ ఆయన సెలవిచ్చారు.

డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ నగరం మీదికి వచ్చింది. ప్రభుత్వం మొదట ఇచ్చిన మృతుల లెక్క 2,259. తరువాత రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించినది 3,787. బాధితుల సంఘాలు చెప్పే సంఖ్య దీనికి ఎన్నో రెట్లు. 2006లో ప్రభుత్వం సమర్పించిన ప్రమాణపత్రంలో గాయపడినవారి సంఖ్య 5,58,125. ఆ తరువాతి చరిత్ర పాఠకులకు తెలిసినదే: 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్ల రాజీ, 2010 జూన్‌లో కొందరు మాజీ అధికారులకు రెండేళ్ల శిక్ష, 2023 మార్చిలో అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు త్రోసిపుచ్చడం.

ప్రమాదం జరిగిన తరువాత ప్రపంచంలోని పత్రికలన్నీ భోపాల్ దారి పట్టాయి. మట్టిలో పూడ్చబడుతున్న పసిబిడ్డ ముఖాన్ని రఘురాయ్ నలుపు తెలుపులలోనూ, పాబ్లో బార్తొలొమ్యూ రంగులలోనూ తీసిన ఛాయాచిత్రాలు ఖండఖండాంతరాలకు చేరాయి. రెండవదానికి ఆ ఏటి ప్రపంచ పత్రికా ఛాయాచిత్ర బహుమానం లభించింది. కేస్వానీకి బి.డి. గోయెంకా పురస్కారం లభించింది. ఆయన 2021 మే 21న, కోవిడ్ అనంతర అనారోగ్యంతో, అదే భోపాల్‌లో కన్నుమూశారు. ఆ పురస్కారం చేత పట్టుకున్నప్పుడు ఆయన మనసులో ఏమి మెదలి ఉంటుందో ఊహించడానికి కూడా నాకు సంకోచంగా ఉంటుంది.

*

ఎందుకు చేరలేదు? చిన్న పత్రిక కావడం ఒక కారణం. కంపెనీ పలుకుబడి ఒక కారణం. చిన్న ఊరి సంపాదకుడు సంచలనం కోసం వ్రాస్తున్నాడని కొట్టిపారేయడం అన్ని ఊళ్లలోనూ జరిగేదే. ఇవన్నీ నిజాలే. కాని వీటికి అడుగున మరొక కారణం ఉన్నదని నాకు తోస్తుంది. వృత్తి దోషం వల్ల అలా తోస్తున్నదని ఎవరైనా అంటే కాదనను. అది భాష.

ఆ కర్మాగారపు యంత్ర నిర్వహణ సూచనలు ఇంగ్లీషులో ఉండేవి. వాటిని పాటించవలసిన కార్మికులలో చాలామందికి ఆ భాష రాదు. తనిఖీ నివేదిక ఇంగ్లీషులో ఉన్నది. దానిని చదవగలవారు అమెరికాలోని కార్యాలయంలోనూ, కర్మాగారపు పై అధికారుల గదులలోనూ ఉన్నారు. గోడ ప్రక్కన పడుకున్నవారు హిందీ, ఉర్దూ మాట్లాడేవారు. కేస్వానీ చేసిన పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, అనువాదం. లోపలి గదుల ఇంగ్లీషును బయటి వీధి హిందీలోకి తెచ్చారు. అయితే ఇటువంటి వార్తకు రెండు ప్రయాణాలు కావాలి. ప్రమాదంలో ఉన్నవారి భాషలోకి ఒకటి, ప్రమాదాన్ని ఆపగలవారి భాషలోకి మరొకటి. మొదటిది జరిగింది. రెండవది జరగలేదు. ఢిల్లీ, బొంబాయి ఇంగ్లీషు పత్రికలు ఆ హెచ్చరికను అంతే తీవ్రతతో అందుకోలేదు. హిందీ వారపత్రికలోని వ్యాసాన్ని ఇంగ్లీషు చేసి వేయడమంటే, వార్త క్రింది నుండి పైకి ప్రవహించడం. మన పత్రికా వ్యవస్థకు ఆ అలవాటు లేదు.

మన తెలుగు పత్రికల సంగతే చూడండి. దశాబ్దాలపాటు దినపత్రికల కార్యాలయాలలో ఉపసంపాదకుల ముఖ్యమైన పని అనువాదమే. టెలిప్రింటరు మీద పి.టి.ఐ., యు.ఎన్.ఐ. సంస్థల ఇంగ్లీషు వార్తలు చుట్టలు చుట్టలుగా దిగుతుంటే, వాటిని చింపి, పంచుకొని, తెల్లవారేలోగా తెలుగు చేసేవారు. ఆ తరం అనువాదకులు మన భాషకు చేసిన సేవ తక్కువది కాదు. ఇవాళ మనం అవలీలగా వాడే ఎన్నో మాటలు ఆ అర్ధరాత్రి బల్లల మీద పుట్టినవే. కాని ఆ ప్రవాహం ఒకే దిక్కుకు పారేది. ఇంగ్లీషు నుండి తెలుగులోకి. గ్రామం నుండి వచ్చిన తెలుగు వార్త ఇంగ్లీషులోకి పోవాలంటే గ్రామంలో శవాలు లేవాలి.

రెండవ ప్రయాణం జరిగినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఉదాహరణ భోపాల్‌కు దాదాపు ఆరేళ్ల ముందరిదే ఉన్నది. 1979 జనవరిలో కె.ఎఫ్. రుస్తుంజీ అనే పోలీసు ఉన్నతాధికారి, బీహారు జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న ఖైదీలను గురించి 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్'లో వ్రాశారు. పుష్పా కపిల హింగోరాణీ అనే న్యాయవాది ఆ వ్యాసాన్ని చదివి, దానినే ఆధారంగా చూపి సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 'హుసైనారా ఖాతూన్ కేసు'గా పేరుపడిన ఆ వ్యాజ్యం ఫలితంగా వేలాదిమంది విడుదలయ్యారు. వ్రాసినవారు ఒకరు, మోసుకొని వెళ్లినవారు మరొకరు. ఆ వ్యాసం ఢిల్లీ న్యాయవాది ఇంటికి ఆమె చదివే భాషలో చేరింది. 'రపట్' అటువంటి ఇంటికి చేరలేదు. చేరి ఉంటే కర్మాగారం ఆగేదని నేను అనబోవడం లేదు. అది ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. ఖైదీలు అప్పటికే జైలులో ఉన్నారు. భోపాల్ ప్రమాదం ఇంకా జరగలేదు. వార్త అన్నది భూతకాలానికి అలవాటు పడిన ప్రక్రియ. 'జరిగింది', 'మరణించారు', 'ప్రకటించారు' అని ముగిసే వాక్యాలను పత్రిక సులభంగా నమ్ముతుంది. 'జరగవచ్చు' అని ముగిసే వాక్యానికి మొదటి పుటలో చోటు దొరకదు. నిరాధారమైన భయాలను ప్రచారం చేయకపోవడం కూడా పత్రిక బాధ్యతే కనుక ఆ జాగ్రత్తను తప్పుపట్టలేము. అందువల్లనే కేస్వానీ పని కష్టమైనది. ఆయన భవిష్యత్తును గురించి వ్రాస్తున్నట్లు కనిపించారు. నిజానికి వర్తమానాన్ని గురించి వ్రాస్తున్నారు. లోపించిన రక్షణ ఏర్పాట్లు, అప్పటికే సోకిన వాయువు, అప్పటికే పోయిన ప్రాణం, అన్నీ ఆ రోజున ఉన్నవే.

*

భోపాల్ తరువాత చట్టం మారింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని క్రింద 2006లో వెలువడిన ప్రకటన ప్రకారం, పెద్ద కర్మాగారం ఏదైనా కొత్తగా పెట్టాలన్నా, విస్తరించాలన్నా, అత్యధిక సందర్భాలలో ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సంగ్రహాన్ని ఇంగ్లీషులోనే కాక స్థానిక భాషలో కూడా అందుబాటులో ఉంచాలి. సభను గురించి 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ ప్రకటించాలి. సభను వీడియో తీయాలి. ప్రజలు చెప్పిన మాటలను స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ నమోదు చేసి పంపాలి. అంటే నేను పైన చెప్పిన రెండు ప్రయాణాలనూ చట్టమే నిర్దేశించింది. కాగితం మీద ఇంతకంటె ఏమి కావాలి?

కాగితం మీద ఉన్నది కాగితం మీదనే ఉండిపోవడానికి విశాఖపట్నం సాక్ష్యం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం ప్రక్కనున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు తీసింది. అలారం నొక్కే ఏర్పాటు 36 చోట్ల ఉండి కూడా సైరన్ మోగలేదని తరువాత ప్రభుత్వ కమిటీ తేల్చింది. ఇక పత్రికలవారు తలవంచుకోవలసిన సంగతి వేరే ఉన్నది. తమ ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమవద్ద లేదని ఆ యాజమాన్యం 2019 మే నెలలోనే ప్రమాణపత్రంలో ఒప్పుకొని అధికారులకు సమర్పించింది. అది వార్త అయినది 2020 మే నెలలో. సంవత్సరంపాటు ఆ ఇంగ్లీషు కాగితం ఫైలులో పడి ఉన్నది. దానిని చదివి, దాని అర్థమేమిటో వెంకటాపురం వారికి తెలుగులో చెప్పిన కేస్వానీ లేకపోయాడు.

ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వం 2006 నాటి ప్రకటన స్థానంలో కొత్తదానిని తేదలచి, దాని ముసాయిదాను ఇంగ్లీషులోనూ హిందీలోనూ విడుదల చేసి, దేశప్రజల అభిప్రాయం కోరింది. తెలుగువాడు, తమిళుడు, ఒడియావాడు దానిని ఏ కళ్లతో చదవాలని ఎవరికీ తోచలేదు కాబోలు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించవలసి వచ్చింది. కేంద్రం ఆ ఆదేశం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఈ నలభై ఏళ్లలో తెలుగు పత్రికారచన ఎంతో మారింది. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో 'ఈనాడు' వెలసిన నాటినుండి వార్త పల్లెకు వెళ్లడం మొదలైంది. తరువాతి కాలంలో ప్రతి జిల్లాకూ ప్రత్యేక అనుబంధం, ప్రతి మండలానికీ విలేఖరి ఏర్పడ్డారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించి నిలిచినప్పుడు, ఆ వార్త ఒక్కనాటి ముచ్చటగా ముగిసిపోకుండా నెలల తరబడి వెంటబడినవి తెలుగు పత్రికలే. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషిద్ధమైంది. క్రింది నుండి పైకి ప్రవహించిన అరుదైన వార్తలలో అది ఒకటి.

అయితే జిల్లా పుటకు మరొక గుణం కూడా ఉన్నది. అది పల్లె వార్తకు చోటు ఇస్తుంది, ఇచ్చి, జిల్లా సరిహద్దులోనే దానిని బంధిస్తుంది. శ్రీకాకుళంలో అచ్చయిన చేపల చావు వార్త గుంటూరు పాఠకుడికి కనబడదు. సచివాలయంలో కూర్చున్న అధికారికి అసలే కనబడదు. ఇక దానిని పంపిన మండల విలేఖరి స్థితి చెప్పనే అక్కరలేదు. చాలామందికి జీతం నామమాత్రం. వార్తతోపాటు ప్రకటనలు కూడా వారే సేకరించాలి. ఏ కర్మాగారం మీద వార్త వ్రాయాలో సంక్రాంతి శుభాకాంక్షల ప్రకటన కోసం ఆ కర్మాగారం గేటు దగ్గరే నిలబడాలి. ఇవాళ వారి చేతిలో ఫోను ఉన్నది, క్షణంలో ఫోటో, వీడియో పంపగలరు. గేటు దగ్గర నిలబడడం మాత్రం తప్పలేదు.

*

ఇక నా సంగతి. 2016లో కోస్తా జిల్లాలలో ఒకచోట రసాయన కర్మాగారం విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సభలో ప్రజలు మాట్లాడిన మాటలను లిఖితపూర్వకంగా ఇంగ్లీషు చేసే పని, ఒక సలహా సంస్థ ద్వారా, పుటకు ఇంత అన్న లెక్కన నాకు వచ్చింది. నేను సభకు వెళ్లలేదు. తెలుగు కాగితాలు వచ్చాయి, చేసి పంపాను. రెండు రాత్రుల పని.

మూడు వారాల తరువాత ఒక మండల విలేఖరి నా నంబరు ఎలాగో సంపాదించి ఫోను చేశాడు. వయసు పాతికకు మించదు.

"మాస్టారూ, ఆ ఇంగ్లీషు కాగితాలు మీరు చేసినవేనటండీ?"

అవునన్నాను.

"అందులో పన్నెండో మనిషి చెప్పింది ఒకసారి చూడండి. ఆ ముసలమ్మ చెప్పింది అది కాదండీ."

తీసి చూశాను. తెలుగు కాగితంలో ఆమె మాటలు ఇలా ఉన్నాయి: "అర్ధరాత్రి దాటాక గాలి వస్తుంది. కళ్లు మండుతాయి. పిల్లలు దగ్గుతారు." నేను ఇంగ్లీషు చేసినది చూశాను. విస్తరణ జరిగితే అర్ధరాత్రి వాయువు వస్తుందనీ, కళ్లు మండగలవనీ, పిల్లలు దగ్గగలరనీ ఆమె భయం వ్యక్తం చేసినట్లు ఉన్నది.

తెలుగు క్రియకు ఉన్న స్వభావం ఇది. 'వస్తుంది' అంటే రోజూ వచ్చేదీ కావచ్చు, రేపు రాబోయేదీ కావచ్చు. సందర్భాన్ని బట్టి మనం గ్రహిస్తాం. పాలవాడు రోజూ ఆరింటికి 'వస్తాడు', పెళ్లికి మామయ్య రేపు 'వస్తాడు'. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. వర్తమానమా, భవిష్యత్తా తేల్చుకొని తీరాలి. ఆమెకు ముందు మాట్లాడినవారందరూ రాబోయే విస్తరణను గురించి మాట్లాడారు. ఆ ఊపులో నేను భవిష్యత్తుగా తేల్చుకున్నాను. సభకు వెళ్లి ఉంటే, ఆ ముఖం చూసి ఉంటే పొరబడేవాడిని కాను. ఒక వృద్ధురాలు ప్రతి రాత్రీ అనుభవిస్తున్న దానిని చెప్పింది. నా చేతిలో అది ఆమె భయమైపోయింది. భయాలకు జవాబు చెప్పడం అధికారులకు తేలిక. అన్ని జాగ్రత్తలూ తీసుకోబడతాయని ఒక్క వాక్యం చాలు. ప్రక్క గడిలో ఆ వాక్యమే ఉన్నది.

నాకు దురుద్దేశం లేదు, ఎవరూ నన్ను అలా వ్రాయమని చెప్పలేదు. ఆ మాట ఆ కుర్రవాడితో కూడా అన్నాను. "తెలుసండీ, అందుకే మీకు చేశాను" అన్నాడు. సలహా సంస్థకు ఆ రోజే ఉత్తరం వ్రాశాను. ప్రతులు పై కార్యాలయానికి వెళ్లిపోయాయనీ, సభ వీడియో జతచేయబడి ఉన్నది కనుక ఇబ్బంది లేదనీ సమాధానం వచ్చింది. గంటల తరబడి సాగిన ఆ తెలుగు వీడియోను అక్కడ ఎవరు చూస్తారని అడగడానికి నాకు నోరు రాలేదు. సంబంధిత కార్యాలయానికి సవరణ ప్రతిని నేనే రిజిస్టరు తపాలాలో పంపాను. అందినట్లు రసీదు వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు. ఆ పనికి నాకు ముట్టిన సొమ్మును తిరిగి పంపాలని అనుకున్నాను. పంపలేదు.

ఆ విలేఖరి తాను సభనాడు పంపిన వార్తను నాకు ఫోనులో పంపాడు. జిల్లా అనుబంధంలో లోపలి పుట, ఒకే కాలమ్, ప్రక్కన బంగారు నగల దుకాణం ప్రకటన. ముసలమ్మ మాటలు అందులో కూడా ఉన్నాయి. కాని ఒక చిన్న తేడా కనిపించింది. ఆమె 'వస్తుంది' అన్నచోట అతడు 'వస్తోంది' అని వ్రాశాడు. 'మండుతున్నాయి', 'దగ్గుతున్నారు' అని వ్రాశాడు. ఎందుకు మార్చావని అడిగాను.

"ఆవిడన్నట్టే రాస్తే డెస్కు వాళ్లు 'వస్తుందట' అని దిద్దుతారండీ" అన్నాడు. "ఇలా రాస్తే ముట్టుకోరు."